ఇంజిన్ దీపం కోడ్‌ను చెరిపే ముందు చదవాలి

సంపాదకులకు నమస్కారాలు.

పాత కారు కొనేవారికి సలహాలిస్తూ గత ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం ఆసక్తిగా చదివాను. టైర్ల అరుగుదల, తలుపుల అంచుల్లో రంగు తేడా, బీమా కాగితాలు, మీటరు వెనక్కి తిప్పిన ఆనవాళ్లు ఎలా చూసుకోవాలో వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో వెలిగే ఇంజిన్ బొమ్మ గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క మాట: బండి చేతికి తీసుకునే రోజున ఆ దీపం ఆరి ఉండాలని. సరిగ్గా ఆ ఒక్క పరీక్షతో తృప్తిపడి నేను ఈ ఏడాది ఒక కారు కొన్నాను. ఆ తృప్తి మూడు వారాలు కూడా నిలవలేదు. ఆరి ఉన్న దీపాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, వెలిగిన దీపం అసలు ఏం చెబుతుందో మీ పాఠకులకు, ముఖ్యంగా చెన్నైలో కొత్త కారు కొనే స్తోమత లేక పాత కార్లతో కాలం గడుపుతున్న మనవాళ్లకు తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా. అంబత్తూరు పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విరమించాను. నేను కార్ల మెకానిక్‌ను కాను గానీ, ఒక సెన్సర్ తప్పు చూపిస్తున్నప్పుడు దోషం సెన్సర్‌లో ఉందా, దాని తీగలో ఉందా, అది కొలుస్తున్న వస్తువులోనే ఉందా అని తేల్చుకోవడం నా ఉద్యోగం. నా భార్యకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై బస్సెక్కడం కష్టమైనందువల్ల 2014 నాటి చిన్న పెట్రోలు కారు ఒకటి కొన్నాము. చేతికిచ్చేటప్పుడు మీటరు 91,240 కిలోమీటర్లు చూపుతోందని అమ్మినవారే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం తరువాత ఎంత ఉపయోగపడిందో ముందు ముందు చెబుతాను.

మూడో వారంలో ఒక పెళ్లికి నెల్లూరు వెళ్లి మర్నాడు తిరిగి వస్తుండగా, తడ దాటి గుమ్మిడిపూండి చేరేలోపు ఇంజిన్ దీపం వెలిగింది. బండి నడకలో తేడా లేదు, చప్పుడు లేదు, పొగ లేదు. మర్నాడు ఉదయం మా ఇంటికి దగ్గరలోని ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే, అక్కడి కుర్రవాడు స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ రాసిపెట్టినది చదివే చోటు) స్కానర్ తగిలించి నిమిషంలోపే తీర్పు చెప్పేశాడు. కోడ్ పీ0420 వచ్చింది, కన్వర్టర్ పోయింది, కంపెనీది వేస్తే 42 వేలు అవుతుంది, అంత పెట్టలేకపోతే లోపలి జాలీ తీసేసి దీపం రాకుండా చేసి ఇస్తాను, నాలుగు వేలు చాలు అన్నాడు. కోడ్ అంటే కారు కంప్యూటర్ తాను కనిపెట్టిన లోపానికి ఇచ్చే గుర్తు సంఖ్య. కన్వర్టర్ అంటే సైలెన్సర్ గొట్టంలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా, ఆ పని చేసేది దాని లోపలి జాలీ. ఇంతలో అతని బొటనవేలు కోడ్‌ను చెరిపే బటన్ మీదికి పోతోంది. "అబ్బయ్యా, ఒక్క నిమిషం ఆగు, ముందు లోపల రాసి ఉన్నదంతా చూపించు" అని అడిగాను. అతను ఆశ్చర్యపోయాడు. ఇంతవరకు ఏ కస్టమరూ అలా అడగలేదట.

పీ0420 అంటే "కన్వర్టర్ పోయింది" అని ఎక్కడా లేదు. కన్వర్టర్ సామర్థ్యం ఉండవలసిన హద్దు కన్నా తక్కువగా కనిపిస్తోందని మాత్రమే దాని అర్థం. కారులోని కంప్యూటర్ కన్వర్టర్‌ను నేరుగా చూడలేదు. దానికి ముందు ఒకటి, వెనుక ఒకటి ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సర్ల మాట వింటుంది. మా కారు వంటి వాటిలో ముందు సెన్సర్ వోల్టేజీ 0.1 నుంచి 0.9 వరకు క్షణక్షణానికీ పైకీ కిందికీ ఊగుతూ ఉండాలి, ఎందుకంటే కంప్యూటర్ పెట్రోలును కొంచెం పెంచుతూ కొంచెం తగ్గిస్తూ గాలీ ఇంధనాల పాళ్లను సరిచేస్తూ ఉంటుంది. కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంటే తనలోకి ఆక్సిజన్‌ను దాచుకుంటూ విడుస్తూ ఆ ఊగిసలాటను మింగేస్తుంది కాబట్టి, వెనుక సెన్సర్ 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. వెనుక సెన్సర్ కూడా ముందుదానిలాగే ఊగడం మొదలైతే కంప్యూటర్ అనుమానపడి, వరుసగా రెండు ప్రయాణాల్లో అదే కనబడితే దీపం వెలిగిస్తుంది. ఆ ఊగుడుకు కన్వర్టర్ అరిగిపోవడం ఒక కారణం. గొట్టం అతుకు దగ్గర బయటి గాలి లోపలికి పీల్చుకోవడం మరొక కారణం. వెనుక సెన్సర్ తీగ పాడవడం ఇంకొకటి. 42 వేల కన్వర్టర్ వేసినా రెండో కారణం, మూడో కారణం అలాగే ఉంటాయి, దీపం మళ్లీ వెలుగుతుంది.

నేను అడిగాక ఆ కుర్రవాడు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాడు. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ తీసి పెట్టుకునే పద్దు అది. గంటకు 78 కిలోమీటర్ల వేగం, నిమిషానికి 2,400 చుట్లు, నీటి వేడి 92 డిగ్రీలు, ఇంధన సవరణ, అంటే కంప్యూటర్ పెట్రోలు పాళ్లలో చేస్తున్న మార్పు, కేవలం 3 శాతం. అంటే ఇంజిన్ బాగా వేడెక్కి, హైవే మీద నిలకడగా నడుస్తూ, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉన్నప్పుడే ఈ కోడ్ పడింది. మిస్‌ఫైర్ కోడ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండలేదని చెప్పేది, ఏదీ తోడుగా లేదు. ఈ నాలుగు అంకెలతోనే సగం అనుమానాలు తొలగిపోతాయి. బటన్ నొక్కి ఉంటే ఈ పద్దంతా కోడ్‌తో పాటు తుడిచిపెట్టుకుపోయేది.

అదే తెరలో ఇంకొంచెం కిందికి జరిపితే నన్ను నిశ్చేష్టుణ్ని చేసిన వరుస ఒకటి కనబడింది. కోడ్లు చెరిపేసిన తరువాత బండి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కంప్యూటర్ లెక్క పెడుతుంది. అది 415 అని చూపుతోంది. ఆ ఉదయం మీటరు 91,652. జేబులోని కాగితం తీసి లెక్క వేశాను: నేను కొన్న తరువాత నడిపింది 412 కిలోమీటర్లు. అంటే బండి నా చేతికి రావడానికి మూడు కిలోమీటర్ల ముందు ఎవరో దాని జ్ఞాపకాన్ని తుడిచేశారు. మరమ్మతు చేసి చెరిపారా, చేయకుండానే చెరిపారా అన్నది ఆ వరుస చెప్పదు. కానీ మూడు కిలోమీటర్ల ముందు తుడిచిన బండిలో దీపం ఆరి ఉండడం ఏ విధంగానూ ఆరోగ్యానికి రుజువు కాజాలదు, ఎందుకంటే తనను తాను పరీక్షించుకునే వ్యవధే ఆ బండికి దొరకలేదు.

ఈ విషయాన్ని కొంచెం విడమరచి చెప్పాలి. కోడ్లు చెరిపినా, చాలా కార్లలో బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టినా, కంప్యూటర్ అంతవరకు చేసిన స్వీయ పరీక్షల ఫలితాలన్నీ పోయి అది మళ్లీ మొదటి నుంచి ప్రారంభిస్తుంది. వీటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. మిస్‌ఫైర్ వంటి కొన్నింటిని ఇంజిన్ నడుస్తున్నంతసేపూ గమనిస్తూనే ఉంటుంది గానీ, కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ల పరీక్షలకు ప్రత్యేకమైన పరిస్థితులు కావాలి: ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, కొంతసేపు ఒకే వేగంతో నడవాలి. పాడి కూడలి నుంచి కోయంబేడు దాకా సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగుతూ పాకే బండికి ఆ అవకాశం వారాల తరబడి రాకపోవచ్చు. మా బండికి అది నెల్లూరు ప్రయాణంలో వచ్చింది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు రెండోసారి తప్పు కనబడి దీపం వెలిగింది. పాత కారు చూడబోయేవారు దీపం కన్నా ముందు ఈ మానిటర్ల స్థితిని చూడాలని నా గట్టి అభిప్రాయం. ఫోనుకు కలిపి వాడే చిన్న స్కానర్లు వెయ్యి, రెండు వేల రూపాయలకే దొరుకుతున్నాయి. కన్వర్టర్ పరీక్ష "పూర్తి కాలేదు" అని చూపితే, ఆ బండిని హైవే మీద నడిపి చూడనివ్వమని అడగడానికి కొనేవారికి పూర్తి హక్కు ఉంది. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆ దీపం తప్పనిసరిగా వెలగాలన్నది కూడా మరచిపోకూడదు. అప్పుడు కూడా వెలగకపోతే బల్బునే తీసేసి ఉండవచ్చు.

తరువాత బండిని పాడిలో చిన్న షెడ్డు నడుపుతున్న ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కావలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. కోడ్ గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు. "సార్, బండి రాత్రికి ఇక్కడే వదిలేసి పొద్దున్నే రండి, చల్లగా ఉన్నప్పుడు చూడాలి" అన్నారు. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయించి, కుర్రవాడి చేత సైలెన్సర్ చివర తడిగుడ్డ మడతపెట్టి కొన్ని క్షణాలు అదిమి పట్టించి, తాను చెవికి ఒక రబ్బరు గొట్టం పెట్టుకుని దాని రెండో కొసను అతుకుల వెంట జరుపుతూ పోయారు. ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే మ్యానిఫోల్డుకూ కన్వర్టర్‌కూ మధ్య ఉన్న ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అతుకు) దగ్గర ఆగి గొట్టాన్ని నా చెవికి ఇచ్చారు. కొలిమి తిత్తి ఊదినట్టు, ఇంజిన్ లయకు సరిగ్గా తూగుతూ, "తుస్ తుస్" అని వినిపించింది. టార్చి వేసి చూస్తే అక్కడ వేలెడంత వెడల్పున మసి చార ఉంది, రెండు బోల్టుల్లో ఒకదాని నట్టు తుప్పు పట్టి సగం అరిగిపోయి ఉంది. అతుకు మధ్య సందు లేకుండా మూసే గాస్కెట్ పక్కకు ఒరిగిపోయింది.

ఆ చోటు ముందు సెన్సర్ తరువాత, వెనుక సెన్సర్ కన్నా ముందు ఉంది. సైలెన్సర్ గొట్టంలో పొగ నీటి ధారలా ఏకబిగిన పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఒత్తిడి తగ్గినప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ వెనుక సెన్సర్‌ను ఊపుతోంది, దానిని చూసి కంప్యూటర్ కన్వర్టర్‌ను అనుమానిస్తోంది. ఇంధన సవరణ 3 శాతం దగ్గరే ఎందుకుందో కూడా దీనితో తేలిపోయింది: లీకు ముందు సెన్సర్ దాటాక ఉంది కాబట్టి పెట్రోలు లెక్క చెడలేదు. కొత్త గాస్కెట్, రెండు స్టడ్లు, కూలీ కలిపి 1,450 రూపాయలు అయ్యింది. అంతకు ముందు 0.1 నుంచి 0.8 దాకా ఊగిన వెనుక సెన్సర్, పని అయ్యాక 0.68 దగ్గర కుదురుకుంది. మూడు రోజులు తెల్లవారుజామున బైపాస్ మీద నిలకడ వేగంతో నడిపాక కన్వర్టర్ పరీక్ష "పూర్తయింది" అని వచ్చింది. అప్పటినుంచి సుమారు రెండు వేల కిలోమీటర్లు నడిపాను, కోడ్ తిరిగి పడలేదు.

పీ0420 వచ్చిన ప్రతి బండికీ గాస్కెట్ మారిస్తే సరిపోతుందని నేను అనడం లేదు. లీకులు లేవని, సెన్సర్లు, తీగలు బాగున్నాయని తేలిన తరువాత కూడా వెనుక సెన్సర్ ముందుదానితో సమానంగా ఊగుతుంటే కన్వర్టర్ నిజంగానే అరిగిపోయినట్టు. అప్పుడు కూడా అది ఎందుకు పోయిందో తెలుసుకోకుండా కొత్తది బిగించకూడదు. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, ఒక సిలిండర్ సరిగ్గా మండకపోయినా, కొత్త కన్వర్టర్ కూడా అదే దారి పడుతుంది. ఈ సందర్భంలో ఒక్క విషయం ప్రాణం పెట్టి చెప్పాలి: దీపం స్థిరంగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటున్నదంటే మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతూ లోపలి జాలీని కరిగించేటంత వేడి పుట్టిస్తోందని అర్థం. వెంటనే వేగం తగ్గించి, క్షేమమైన చోట బండి ఆపాలి.

కోడ్‌లోని మాటలను సరిగ్గా చదవకపోవడం వల్ల మా వీధిలోనే మరొకరు నష్టపోయారు. ఆయన కారులో పీ0135 వచ్చింది. ముందు ఆక్సిజన్ సెన్సర్‌ను వేడి చేసే హీటర్ సర్క్యూట్‌లో లోపమని దాని అర్థం. "సర్క్యూట్" అన్న మాటను వదిలేసి "సెన్సర్" అన్న మాటను మాత్రమే పట్టుకున్న వర్క్‌షాపు వాళ్లు వరుసగా రెండు సెన్సర్లు మార్చారు. దీపం ఆరలేదు. నేను మల్టీమీటర్ తీసుకెళ్లి ప్లగ్ ఊడదీసి, తాళం తిప్పించి చూస్తే, హీటర్‌కు రావలసిన 12 వోల్టులు అక్కడ లేవు. తీగ వెంట వెనక్కి పోతే ఒక కనెక్టర్‌లో రాగి పిన్ను పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలుతోంది. ఆ కారు 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు రెండు రోజులు మోకాలి లోతు నీటిలో నిలిచి ఉందట. 2015 డిసెంబరు వరదలను, 2023 నాటి నీటిని చూసిన ఈ నగరంలో పాత కారు కొనేవారు కార్పెట్ కింద బురద వాసన చూసి ఊరుకోకుండా, బండి అడుగున ఉన్న కనెక్టర్లను కూడా ఊడదీయించి చూడాలి. నీరు ఇంకిపోయాక చిలుము తన పని నెలల తరబడి చేసుకుంటూ పోతుంది.

పీ0171 గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ఈ కోడ్‌ను ఎక్కడ చూసినా పెట్రోలు మీదికి నెట్టేస్తున్నారు. గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అయ్యిందన్నది దాని సారాంశం. 2023 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి బెంగళూరులో ప్రారంభించిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు మన బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది. వట్టి పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావాలంటే, ఈ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు చాలు. అందువల్ల పాత కారు కంప్యూటర్ కొన్ని శాతం అదనంగా ఇంధనం పోయవలసి వస్తుంది, ఆరోగ్యమైన ఇంజిన్‌లో ఆ సవరణ హద్దు లోపలే ఉంటుంది. అప్పటికే ఏదో ఒక రబ్బరు గొట్టం ఎండకు పెళుసెక్కి చీలి ఉంటే మాత్రం ఈ రెండూ కలిసి హద్దు దాటిస్తాయి. గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న కార్లలో దీనిని పట్టుకోవడం కష్టం కాదు. బండి నిలిచి ఉన్నప్పుడు సవరణ 20 శాతం ఉండి, ఆక్సిలరేటర్ తొక్కి 2,500 చుట్లకు తెస్తే బాగా తగ్గిపోయిందంటే దొంగగాలి లోపలికి వస్తున్నట్టు. బరువు పడే కొద్దీ సవరణ పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, ఆ ఎయిర్ ఫ్లో సెన్సర్ శుభ్రత చూడాలి. పెట్రోలు ట్యాంకు మూత బిగిస్తే దీపం ఆరిపోతుందన్న సలహా మనవాళ్లు చాలామంది చెబుతుంటారు. అది అమెరికా కార్లకు సరిపోయే మాట. మన బీఎస్-4 (భారత్ స్టేజ్ నాలుగో దశ) కాలుష్య నిబంధనలు, మూత వదులైతే పట్టుకునే ఇంధన ఆవిరి లీకు పరీక్షను తప్పనిసరి చేయలేదు, ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వు తీగ తెగలేదని చూస్తే చాలన్నాయి.

ఇక పీయూసీ, అంటే బండి పొగ కాలుష్య తనిఖీ సంగతి. దీపం వెలుగుతుండగానే నేను బండిని పీయూసీ కేంద్రానికి తీసుకెళ్లాను, అది సునాయాసంగా గట్టెక్కింది. అందులో తప్పు పట్టవలసింది ఆ కేంద్రాన్ని కాదు. ఆ పరీక్ష పెట్రోలు కారు నిలిచి ఉన్నప్పుడు సైలెన్సర్‌లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను కొలుస్తుంది. బీఎస్-4 కార్లకు హద్దులు 0.3 శాతం, 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200). నైట్రోజన్ ఆక్సైడ్లను అది కొలవదు, ఓబీడీ సాకెట్‌ను తాకదు, దీపం వెలుగుతున్నదో లేదో రాయదు. బండిలోనే ఉన్న పరీక్షకుడు ప్రతిరోజూ రాసిపెట్టే పద్దును మనం తెరవనైనా తెరవడం లేదు. 1995 ఏప్రిల్‌లో సీసం లేని పెట్రోలుతో పాటు కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసిన నాలుగు మహానగరాల్లో మన చెన్నై ఒకటి. ముప్ఫై ఏళ్ల తరువాత ఇదే నగరంలో, ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న ఆ జాలీని నాలుగు వేలకు పీకేసి తుక్కుకు అమ్ముకుంటామని పట్టపగలు అడుగుతున్నారంటే నాకు చాలా బాధ కలిగింది. ఆ కారు వెనుక స్కూటర్ మీద పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగే తల్లి ఆ పొగ పీలుస్తుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లు రిజిస్ట్రేషన్ అధికారి నుంచి అధికార పత్రం తీసుకోవాలి. ఆ నిబంధనలకు ఒక చిన్న చేర్పు చేయమని రవాణా శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: బండి అప్పగించే రోజున తీసిన స్కానర్ పత్రం ఒకటి, దానిలో ఉన్న కోడ్లు, మానిటర్ల స్థితి, కోడ్లు చెరిపాక నడిచిన దూరం, ఈ మూడింటితో సహా కొనుగోలుదారు చేతికి ఇవ్వాలి. ఒక కాగితం, రెండు నిమిషాల పని. పీయూసీ పత్రం మీద కూడా ఇంజిన్ దీపం వెలుగుతున్నదా లేదా అన్న గడి ఒకటి చేరిస్తే బాగుంటుంది. నిబంధన వచ్చేలోపు వర్క్‌షాపుల వారిని నేను కోరేది ఒక్కటే, చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోనులో ఫొటో తీసి కస్టమర్‌కు పంపండి. నన్ను చూసి ఆశ్చర్యపోయిన ఆ కుర్రవాడు మొన్న దారిలో కనబడి, ఇప్పుడు ప్రతి బండికీ అలా తీసి పెడుతున్నానని చెప్పాడు.

ఇట్లు,
విశ్రాంత ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్,
కొరట్టూరు, చెన్నై